కొక్కేలు

తెల్లారి నాలుగింటికి మా నాయన
ఇనుప కొక్కేలను బూడిదతో తోముతాడు.
ఆదివారమైతే పదకొండు, తక్కిన దినాల్లో నాలుగు.
ప్రొద్దుటూరులో దస్తగిరి పొట్టేళ్ళ అంగడి అంటే
అప్పు పెట్టే అంగడి అని కూడా అర్థం.

ఊపిరితిత్తులు కోసేటప్పుడు
ఒక్కోసారి కత్తి ఆగేది.
బొటనవేలితో నొక్కి చూసేవాడు.
నీటిబుగ్గ.
లోపల తేటనీళ్ళు, తొలిజాము చెలమలో మాదిరి.
మనిషికి పనికిరాదని
వాళ్ళ నాయన చెప్పిపోయిన మాట.
అమ్మేవాడు కాదు.
అట్లని పారేసేవాడూ కాదు.
"నోరులేని జీవాలు, తిననీ" అని
మెట్ల కిందికి విసిరేవాడు.
అప్పటి సుల్తాను, దాని చెల్లెలు,
పేరు లేనివి ఇంకో మూడు
గాల్లోనే అందుకునేవి.

నేను ఆ మెట్ల మీద కూచొనే
అ ఆలు దిద్దినాను.
మా ఇంటి బాకీల పుస్తకంలో
రాయకుండా వదిలేసిన పుణ్యం అది అనుకుంటా.

ఊరి బయట పశువైద్య కళాశాల.
రెండో ఏడు, పరాన్నజీవుల ల్యాబు.
రేవతీబాయి మేడమ్ గాజుపలక మీద
ఒక్క చుక్క వేసింది.
బుగ్గ అడుగున పేరుకునే ఇసుక అంట.
పెన్నలో దొరికే ఇసుక కాదు.
కటకం తిప్పితే
రేణువుకొక తల,
తలకొక కిరీటం,
కిరీటం చుట్టూ కొక్కేలు.
రెండు వరసలు.
ఎవరో తెల్లారే లేచి తోమినట్టు.

మేడమ్ బోర్డు మీద గుండ్రం గీసింది.
గొర్రె నుంచి కుక్కకు ఒక బాణం,
కుక్క నుంచి గడ్డికి,
గడ్డి నుంచి మళ్ళీ గొర్రెకు.
పక్కకు చీలిన సన్నగీత
మనిషికి.
మొదటి బాణాన్ని సుద్దముక్కతో రెండుసార్లు దిద్దింది.
నేను నోట్సులో దిద్దలేదు.
ఆ బాణం పొడవు నాకు తెలుసు.
మూడు మెట్లు.

మా జేజి కడుపులోంచి
కర్నూలు పెద్దాసుపత్రిలో
టెంకాయంత బుగ్గ తీసినారు.
దిష్టి అన్నారు. నీళ్ళు మారినాయి అన్నారు.
నాయన దర్గాలో పదకొండు వారాలు చదివింపులు చేసినాడు.
సుల్తాను ఒంటిమీద గోమార్లు ఏరి
అదే చేత్తో కొంగుకు తుడుచుకొని
నాకు బొరుగులు పెట్టేది జేజి.

పరీక్షలో ఎనిమిది మార్కుల జవాబు.
ఇంట్లో ఎట్ల చెప్పాలో ఏ పుస్తకంలోనూ లేదు.
నెలన్నర మోసినాను.
ఒక శుక్రవారం అంగడి కడిగినాక
గొర్రె గురించి చెప్పినాను, కుక్క గురించి చెప్పినాను,
జేజిని దాటేద్దామనుకున్నాను.
ఆయనే అడిగినాడు:
"అమ్మకొచ్చింది ఇదేనా పాపా?"

నీళ్ళ గొట్టం కారతానే ఉంది.

శానాసేపటికి,
"మరి కుక్కలేం తినాల?" అన్నాడు.
ఇంకేమీ అనలేదు.
పొద్దున్నే గడ్డపార తీసుకొని పోయి
అంగడి ఎనక మోకాలి లోతు గుంత తవ్వినాడు.
సున్నం నేనే చల్లినాను.
బండ ఇద్దరం కలిసి జరిపినాము.

ఇప్పుడు నా పరిశోధన,
కడప దాకా అంగడంగడికీ పోయి
బుగ్గలు లెక్కబెట్టడం.
నూటా డెబ్బై రెండు కార్జాలు, అన్నే ఊపిరితిత్తులు.
కొందరు కత్తి ఎత్తి పొమ్మంటారు,
కొందరు "దస్తగిరి కూతురువా" అని స్టూలు వేస్తారు.
మొదటి నమూనా ఎదురుగా
సేకరించిన చోటు అనే గడిలో
మా అంగడి పేరే రాసినాను.
చెయ్యి వణకలేదని చెప్పను.

ఆరు వారాలకొకసారి కుక్కలకు మాత్రలు.
చేదు. ఊరికే ఇస్తే ముట్టవు.
నాయన కొక్కేనికి వేలాడే కార్జంలో
మచ్చలేని చోటు చూసి కోస్తాడు,
మాత్రను లోపల దాచి
వంగి, చేతికందిస్తాడు. ఇప్పుడు విసరడు.
ఇప్పటి సుల్తాను, పాత సుల్తానుకు మనమడు,
వాసన చూసి మింగుతాడు.

"ఏం దస్తగిరీ, మాకు ఎముకలు, కుక్కకు కార్జమా?"
సంచి పట్టుకొని నిలబడిన ఓబుళేసు నవ్వుతాడు.
నాయన తల ఎత్తడు.
"దానికి బాకీ ఉండానులే."

కుంటిది మాత్రం
మాత్రను మెట్టు మీద ఉమ్మేసి
కార్జం మింగి
ఇంకో ముక్క కోసం
నా దిక్కే చూస్తా కూచుంది.